అవి ఏం తప్పు చేశాయి?

మే నెలలో ఒక ఆదివారం, మా అమ్మాయిని ఇంటర్‌లో చేర్పించే పని మీద దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక కాలేజీ ఓరియెంటేషన్ మీటింగుకి వెళ్లాం. ఏసీ హాలు, గోడల నిండా ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ఫొటోలు. వేదిక మీద సార్ బాగా మాట్లాడతాడు. పావుగంట గడిచాక తెర మీద డైనోసార్ బొమ్మ వచ్చింది. "ఇంత పెద్ద జంతువు, ఇంత బలం. ఈరోజు ఎక్కడుంది? కాలంతో పాటు మారలేదు, పోయింది. సర్వైవల్ ఆఫ్ ద ఫిట్టెస్ట్! ఇది నా మాట కాదు, సైన్స్ చెప్పిన మాట. మీ పిల్లలు ఫిట్ అవుతారా, డైనోసార్ అవుతారా, మీరే తేల్చుకోండి" అన్నాడు. చప్పట్లు మోగాయి. నా పక్కనున్నాయన ఆ మాట ఫోన్లో రాసుకున్నాడు.

తిరిగి వస్తుంటే మలక్‌పేట దగ్గర ట్రాఫిక్‌లో ఆగాం. బండి వెనక నుంచి మా అమ్మాయి అడిగింది.

"నాన్నా, డైనోసార్లు అసలు ఏం తప్పు చేశాయి?"

"ఏ తప్పూ చేయలేదమ్మా" అన్నాను. సిగ్నల్ పడింది, బండి కదిలింది. ఆ జవాబు దానికి చాల్లేదు, నాకూ చాల్లేదు. అప్పటి నుంచి ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నేను జియాలజీ చదువుకోలేదు, బ్యాంకులో ఉద్యోగం. కానీ శిలాజాల మీద నాకు చిన్నప్పటి నుంచి ప్రేమ. ఆ ప్రేమ ఎక్కడ మొదలైందో కాసేపట్లో చెబుతాను. ముందు ఆ సార్ బొమ్మ వేసి చూపించిన జంతువు సంగతి.

మరుసటి వారం అమ్మాయిని నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్లాను. అక్కడ నిలబెట్టిన ఎముకల గూడు కోటసారస్‌ది. ఎక్కడో అమెరికా నుంచి తెచ్చిన నమూనా అనుకుంటారు చాలామంది. అది మనదే. భూపాలపల్లికి ఉత్తరాన, యామనపల్లి అనే ఊరి దగ్గర 1970ల చివర్లో దొరికింది. ఒకే చోట 840 ఎముకలు, కనీసం 12 జంతువులవి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో దానికి ఆ పేరు పెట్టారు. పూర్తి పేరులో ఊరి పేరు కూడా ఉంటుంది: కోటసారస్ యామనపల్లియెన్సిస్.

మా అమ్మాయి దాని తోక నుంచి మొదలుపెట్టి మెడ దాకా నడిచి, తల దగ్గర ఆగింది. నేను దానికి చెప్పిన సంగతి ఇక్కడా చెప్పాలి. అన్ని ఎముకలు దొరికినా కోటసారస్ తల దొరకలేదు, రెండు పళ్లు మాత్రమే దొరికాయి. కాబట్టి అక్కడ కనిపించే తల దాని చుట్టాల తలలను చూసి ఊహించి చేసినదే. శిలాజాలతో పని చేసేవాళ్లలో నాకు నచ్చేది ఇదే. ఏది దొరికిందో, ఏది దొరకలేదో విడదీసి చెబుతారు.

డైనోసార్లు ఈ భూమి మీద దాదాపు 16 కోట్ల ఏళ్లు బతికాయి. మన మనిషి జాతి వయసు సుమారు 3 లక్షల ఏళ్లు. అంటే మనకంటే అయిదు వందల రెట్లకు పైగా. ఆ కాలంలో ఖండాలు విడిపోయాయి, సముద్రాలు కొత్తగా పుట్టాయి, పూలు పూసే మొక్కలు కొత్తగా వచ్చాయి. ఇవన్నీ చూస్తూ అవి మారుతూనే వచ్చాయి. కోడి అంత ఉన్నవీ ఉన్నాయి, కోటసారస్ లాంటివీ ఉన్నాయి, ఒళ్లంతా ఈకలున్నవీ ఉన్నాయి. వాటిలో ఒక కొమ్మ ఈరోజు మా బాల్కనీ గ్రిల్ మీద గూడు కట్టే పావురం. "కాలంతో మారలేదు" అని డైనోసార్ గురించి అనడం వాస్తవాన్ని తలకిందులు చేయడమే.

మరి ఎందుకు పోయాయి? దానికి నేరుగా జవాబు చెప్పే ముందు, నా టేబుల్ మీదున్న ఒక రాయి గురించి చెప్పాలి.

మాది బెల్లంపల్లి. మా బాపు ముప్పై ఏళ్లకు పైగా బొగ్గుబాయిలో పని చేశాడు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు మొదటి షిఫ్టు అయిపోయి ఇంటికి వచ్చి, టిఫిన్ డబ్బాలోంచి పాత బనీను గుడ్డలో చుట్టిన ఒక పలక తీశాడు. "కప్పు నుంచి ఊడి పడ్డది. జూడు, రాయిల ఆకున్నది" అన్నాడు. అరచేతి కంటే కొంచెం పెద్దది, బూడిదరంగు రాయి. దాని మీద నాలుకలా పొడుగాటి ఆకు. నడుమ గట్టి ఈనె. దాని నుంచి రెండు పక్కలా సన్న ఈనెలు బయల్దేరి, ఒకదానితో ఒకటి కలిసి చేపల వల అల్లినట్టు అంచు దాకా పోతాయి. ట్యూబులైటు నేరుగా పడితే ఏమీ కనిపించదు. రాయిని కొంచెం వాల్చి పట్టుకుంటే ఒక్కసారి ఆకు పైకి లేస్తుంది. కొస విరిగిపోయింది. ఒక అంచున చిన్న గంటు ఉంది. పురుగు కొరికిందో, రాయి పగిలినప్పుడు పోయిందో తెలియదు. చిన్నప్పుడు మాత్రం పురుగే అని గట్టిగా నమ్మేవాణ్ని. ఆ పురుగు కూడా రాయిలో ఎక్కడో ఉండే ఉంటుందని వెతికేవాణ్ని.

ఆ ఆకు పేరు గ్లాసోప్టెరిస్ అని డిగ్రీ చదివేటప్పుడు లైబ్రరీలో తెలిసింది. గ్రీకులో నాలుక ఫెర్న్ అని అర్థం. పేరుకే ఫెర్న్, నిజానికి విత్తనాలు కాసే చెట్టు. సింగరేణి బొగ్గులో పెద్ద భాగం ఆ అడవులదే, వయసు దాదాపు 28 కోట్ల ఏళ్లు. ఇదే ఆకు ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, అంటార్కిటికాలో కూడా దొరుకుతుంది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ కెప్టెన్ స్కాట్ బృందం మంచులో చనిపోయింది. వాళ్ల శవాల దగ్గర సుమారు 16 కిలోల రాళ్లు దొరికాయి. తిండి లేక, నడవలేక చనిపోతూ కూడా ఆ రాళ్లను పారేయలేదు. వాటిలో గ్లాసోప్టెరిస్ ఆకులున్నాయి. బెల్లంపల్లి ఆకు, అంటార్కిటికా ఆకు ఒకే అడవివని, ఆ నేలలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవని లోకం నమ్మడానికి ఆ ఆకు పెద్ద సాక్ష్యం. ఆ కలిసున్న ఖండాన్ని గోండ్వానా అంటారు. గోండుల నేల పేరు మీద పెట్టిన పేరు. మా ఊరి సంతకి వచ్చే గోండుల పేరు ప్రపంచంలో ప్రతి జియాలజీ పుస్తకంలో ఉందని తెలిసినరోజు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

ఇక్కడ ఒక చిన్న సంగతి. మేం ఇప్పుడున్న అద్దె ఇంట్లో తాండూరు బండలు పరిచారు. వంటింటి గుమ్మం దగ్గర ఒక బండ మీద నల్లగా, కొమ్మలు కొమ్మలుగా, అచ్చం ఫెర్న్ ఆకులాంటి ముద్ర ఉంటుంది. మా అమ్మాయికి అయిదారేళ్లప్పుడు "నాన్నా, తాతయ్య రాయి లాంటిదే ఇక్కడ కూడా ఉంది" అని గంతులేసింది. అది ఆకు కాదు. రాతి పగుళ్లలోకి నీళ్లు దిగి, ఆ నీటిలోని మాంగనీసు అలా కొమ్మలుగా పేరుకుంటుంది. కిటికీ అద్దం మీద మంచు అల్లుకున్నట్టు.

ఇది ఆకు, అది కాదు అని ఎలా చెప్పగలను? ఈనెలు చూసి చెప్పొచ్చు. కానీ అంతకంటే బలమైన కారణం ఇంకొకటి ఉంది. తాండూరు సున్నపురాయి నేల మీద మొక్కలన్నవి పుట్టకముందు సముద్రం అడుగున పేరుకున్నది. నేల మీద మొక్కలు వచ్చి సుమారు 47 కోట్ల ఏళ్లే అయింది. అంతకంటే పాత రాయిలో ఫెర్న్ ఉండడానికి వీల్లేదు. ఉంటే జీవపరిణామం గురించి మనం అనుకుంటున్నదంతా మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సిందే. పరిణామం తప్పని ఏ సాక్ష్యం దొరికితే ఒప్పుకుంటారని అడిగితే, కాంబ్రియన్ యుగం కంటే ముందటి, అంటే 54 కోట్ల ఏళ్లకు పైబడిన రాళ్లలో కుందేలు శిలాజం దొరికితే ఒప్పుకుంటానని జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ అన్నాడని చెబుతారు. ఆయన ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చి, మన పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. తన శరీరాన్ని వైద్యవిద్యార్థుల కోసం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసి ఇచ్చాడు. ఈ సంగతి ఎప్పుడు గుర్తొచ్చినా ఆయన మనవాడే అనిపిస్తుంది. ఇప్పటిదాకా లక్షల శిలాజాలు తవ్వారు. ఆ కుందేలు దొరకలేదు.

శిలాజాల్లో ఖాళీలు చాలా ఉన్నాయి కదా అని అడిగేవాళ్లుంటారు. ఉన్నాయి. డార్వినే 1859లో తన పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఆ ఖాళీల మీద రాశాడు. చచ్చిన ప్రతి జీవీ రాయి కాదు. బురదలో త్వరగా పూడిపోవాలి, ఆ బురద కోట్ల ఏళ్లు చెదరకుండా ఉండాలి, మళ్లీ పైకి తేలాలి, ఎవరి కంటనో పడాలి. మన హైదరాబాద్ బండరాళ్లలో ఎంత వెతికినా శిలాజం దొరకదు. అవి భూమి లోపల కరిగి గడ్డకట్టిన 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. కడప అడవుల్లోని కలివికోడి 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించిందని రాసేశాక, 1986లో మళ్లీ దొరికింది. బతికున్న పక్షి విషయంలోనే అలా జరిగితే, రాళ్లలో ఖాళీలుండడం వింతేమీ కాదు. చూడాల్సింది దొరికినవి వరసలో ఉన్నాయా లేదా అని. ఉన్నాయి.

ఆ వరసను కళ్లారా చూడాలంటే ప్రాణహిత, గోదావరి లోయ కంటే మంచి చోటు మనకు దగ్గర్లో లేదు. అక్కడి రాతిపొరలకు జియాలజిస్టులు ఆ చుట్టుపక్కల ఊళ్ల పేర్లే పెట్టారు. యెర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట, చిక్యాల. బస్సు బోర్డు చదువుతున్నట్టే ఉంటుంది. అడుగున నల్లటి బొగ్గు, గ్లాసోప్టెరిస్. కొంచెం పైకి వస్తే మలేరి దగ్గర ఎర్రమట్టి రాళ్లు. మధ్యలో ఒక ప్రపంచం చచ్చిపోయింది.

అది జరిగింది 25.2 కోట్ల ఏళ్ల కిందట. భూమి చరిత్రలో అయిదు పెద్ద వినాశనాలు లెక్కపెడతారు. అన్నిటికంటే పెద్దది ఇదే. సముద్రంలోని జాతుల్లో 80 శాతానికి పైగా పోయాయి. సైబీరియాలో నేల చీలి లావా లక్షల ఏళ్ల పాటు పొంగింది. అది పైకి వస్తూ వస్తూ కింద ఉన్న బొగ్గు పొరలను అంటించింది. బొగ్గుపులుసు వాయువు గాలిలో నిండింది. సముద్రాలు సుమారు 10 డిగ్రీలు వేడెక్కాయి, పుల్లబారాయి, నీటిలో ప్రాణవాయువు తగ్గిపోయింది. గ్లాసోప్టెరిస్ అడవులు మాయమయ్యాయి. ఆ తరువాత దాదాపు కోటి ఏళ్ల పాటు ప్రపంచంలో ఎక్కడా బొగ్గు ఏర్పడిన ఆనవాళ్లు లేవు. బొగ్గుగా మారేంత దట్టంగా చిత్తడి అడవి మళ్లీ మొలవడానికి అంత కాలం పట్టింది.

ఆ చెట్టు ఏం తప్పు చేసింది? కోట్ల ఏళ్లు దక్షిణ ఖండాలన్నిటినీ ఏలింది. ఆకులు గుట్టలుగా ఒకేచోట దొరకడాన్ని బట్టి, చలికాలానికి ముందు ఆకు రాల్చుకునేదని అంటారు. చలికి, చిత్తడికి అంత చక్కగా సరిపోయిన చెట్టు ఇంకొకటి లేదు. తీరా లోకమే వేడెక్కి ఎండిపోయింది. ఏ గుణం దాన్ని నిలబెట్టిందో ఆ గుణానికే విలువ లేకుండా పోయింది.

ఈ పేరా రాయడం నాకు తేలిక కాదు. బొగ్గు కాలితే ఏమవుతుందో 25 కోట్ల ఏళ్ల కిందటి రాళ్లు చెబుతున్నాయి. మా బాపు తవ్విన బొగ్గు రామగుండంలో కాలింది, ఆ కరెంటుతోనే నేను చదువుకున్నాను, మా ఇల్లు నడిచింది. ఆయన ఊపిరితిత్తులు దాని ఖరీదు కట్టాయి. కాబట్టి బొగ్గును తిట్టే అర్హత నాకు లేదు. కానీ ఆ లావా బొగ్గుపులుసు వాయువును గాలిలోకి ఎత్తిపోసిన దానికంటే వేగంగా మనం ఇప్పుడు ఎత్తిపోస్తున్నామనే సంగతిని దాచడం కూడా నాకు చేతకాదు.

మలేరి ఎర్రమట్టికి వద్దాం. సుమారు 22 కోట్ల ఏళ్ల కిందటి ఆ పొరలో ఎక్కువగా కనిపించేవి డైనోసార్లు కావు. చిలక ముక్కులాంటి మూతితో పందిలా బలిసిన రింకోసార్లు, మొసలిలా నీళ్లలో పొంచి ఉండే పారాసుకస్. డైనోసార్లూ ఉన్నాయి, కానీ చిన్నవి, అరుదైనవి. పైకి పోయేకొద్దీ, ధర్మారం పొరలకు వచ్చేసరికి కొన్ని పెద్దవవుతాయి. కోట పొరలకు వచ్చేసరికి నేలంతా వాటిదే. కోటసారస్ అక్కడిదే. బారపాసారస్ కూడా. బెంగాలీలో పెద్ద కాలు అని అర్థం. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తవ్వినప్పుడు మొదట దొరికిన తొడ ఎముకే 1.7 మీటర్లుంది. రవీంద్రుడి శతజయంతి ఏడాదిలో తవ్వారు కాబట్టి ఆయన పేరు కూడా కలిపి బారపాసారస్ టాగోరై అన్నారు.

మలేరి, కోట పొరల మధ్య, 20.1 కోట్ల ఏళ్ల కిందట, ఇంకో వినాశనం ఉంది. మళ్లీ లావాయే. అమెరికా, ఆఫ్రికా విడిపోతున్న చోట. అప్పటిదాకా నేల మీద పెత్తనం చేసిన మొసళ్ల వంశంలో చాలా కొమ్మలు తెగిపోయాయి. ఖాళీ అయిన జాగాలోకి డైనోసార్లు విస్తరించాయి. డైనోసార్లు పోవడానికే కాదు, రావడానికి కూడా ఒక ప్రళయమే దారి తీసింది. అవి మొసలి బంధువుల కంటే గొప్పవి కాబట్టి గెలిచాయని చాలాకాలం అనుకున్నారు. రెండూ కోట్ల ఏళ్లు పక్కపక్కనే బతికాయని శిలాజాలు పెరిగేకొద్దీ తేలింది. ఓడించి ఉంటే అంత కాలం ఎందుకు పట్టింది?

ఇక ఆఖరిది, 6.6 కోట్ల ఏళ్ల కిందటిది. దీనికి మనం హైదరాబాద్ నుంచి గంటన్నర, రెండు గంటలు ప్రయాణం చేస్తే చాలు.

ఆగస్టులో వాన వెలిసిన ఒక శనివారం వికారాబాద్ దాటి పరిగి వైపు వెళ్లాం. అనంతగిరి దాకా అందరూ వెళ్తారు, ఫొటోలు దిగి, బజ్జీలు తిని వచ్చేస్తారు. మేం ఇంకాస్త ముందుకు పోయి, రోడ్డు కోసం తవ్విన ఒక గట్టు దగ్గర ఆగాం. నల్లరాయి. గుండ్రటి గుండ్లలా ఉండి, పై నుంచి ఉల్లిపొరల్లా ఊడి వస్తోంది. మా అమ్మాయి ఒక పొర లాగితే చేతిలో పొడి అయింది, లోపల ఇంకో పొర. దక్కన్ లావా తూర్పు అంచు ఇది. ఈ లావా ఇప్పటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. లావా ఒకేసారి పొంగలేదు. ఒకసారి పారి, చల్లారి, దాని మీద మట్టి చేరి, చెరువులు కట్టి, చేపలు, కప్పలు బతికాక మళ్లీ ఇంకో పారకం. ఆ చెరువుల మట్టి రెండు లావా పొరల మధ్య ఇరుక్కుని మిగిలింది.

ఆ దారిలోనే నస్కల్ అనే ఊరుంది. అక్కడి చెరువుమట్టిని నీళ్లలో నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, మిగిలిన నలుసులను మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటిగా వెతికితే ఆవగింజంత పళ్లు దొరికాయి. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో ఆ సంగతి ప్రకటించారు. దక్కనోలెస్టిస్ హిస్లోపి. భారతదేశంలో క్రెటేషియస్ యుగానికి, అంటే డైనోసార్ల ఆఖరి యుగానికి చెందిన పాలిచ్చే జంతువు దొరకడం అదే మొదటిసారి. ఎలుకంత ప్రాణి. తరువాత దొరికిన మడమ ఎముకలను బట్టి చెట్లెక్కేదని తేలింది. కింద ఒక లావా, పైన ఒక లావా, మధ్యలో చెట్టు మీద పురుగులు తింటూ ఒక చిన్న ప్రాణి. ఆ గట్టు దగ్గర నిలబడి ఇది చెబుతుంటే నా గొంతు కొంచెం వణికింది. మా అమ్మాయి గమనించింది, ఏమీ అనలేదు.

అప్పుడు మెక్సికో తీరాన చిక్షులూబ్ దగ్గర సుమారు 10 కిలోమీటర్ల గ్రహశకలం వచ్చి పడింది. ఆ కాలపు సన్నటి మట్టిపొరలో, భూమి మీద అరుదుగా, గ్రహశకలాల్లో ఎక్కువగా ఉండే ఇరిడియం అనే లోహం ఎక్కువగా ఉందని 1980లో అల్వారెజ్ తండ్రీకొడుకుల బృందం చూపించింది. 180 కిలోమీటర్ల వెడల్పున్న గుంటను 1991లో గుర్తించారు. మసి, ధూళి సూర్యుణ్ని కప్పేశాయి. ఆకులు లేవు, ఆకులు తినేవి పోయాయి, వాటిని తినేవీ పోయాయి. జాతుల్లో నాలుగింట మూడు వంతులు తుడిచిపెట్టుకుపోయాయి. నేల మీద, కొన్ని మొసళ్లు తప్ప, పాతిక కిలోల కంటే బరువున్న జంతువు దాదాపు మిగల్లేదు.

దీంట్లో దక్కన్ లావా పాత్ర ఎంత అన్న దాని మీద పెద్ద వాదం ఉంది. ఇదే లావా సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి రాజమండ్రి దాకా పోయింది. కాతేరు, గౌరీపట్నం క్వారీల్లో రెండు లావా పొరల మధ్య సముద్రపు మట్టి ఉంది. దానిలో వినాశనం జరిగిన వెంటనే బతికిన సూక్ష్మజీవుల గవ్వలు ఉన్నాయి. వాటిని పరిశీలించిన గెర్టా కెల్లర్ అసలు దోషి లావాయే అంటుంది. నాకు అర్థమైనంతలో గ్రహశకలం దెబ్బే ప్రధానం. ఇరిడియం, గుంట, వినాశనం జరిగిన తీరు, మూడూ అటే చూపిస్తున్నాయి. అయితే లావా అప్పటికే వాతావరణాన్ని అతలాకుతలం చేసి పెట్టింది. ఒకటి ఒప్పుకుంటే రెండోది కాదనాల్సిన పని లేదు.

మిగిలినవి ఎందుకు మిగిలాయి? చిన్నగా ఉండడం, పురుగులు, గింజలు, కుళ్లినవి తినగలగడం, బొరియల్లోనో నీళ్లలోనో దాక్కోగలగడం. ఇవేవీ గ్రహశకలం కోసం నేర్చుకున్నవి కావు. ఏ ప్రాణీ రేపటి కోసం తయారు కాదు. దాని తాతముత్తాతల నిన్నటికి సరిపోయింది కాబట్టి అలా ఉంది, అంతే. పాలిచ్చే జంతువుల్లోనూ చాలా జాతులు పోయాయి. పక్షుల్లో పళ్లున్నవన్నీ పోయాయి. చెట్ల మీద బతికినవి ఎక్కువగా పోయి, నేల మీద తిరిగిన కొన్ని మిగిలాయని ఒక వాదన ఉంది, నాకు సబబుగా తోస్తుంది. అడవులే కాలిపోయాక చెట్టు మీద గూడు కట్టే నేర్పు ఏం చేసుకోవాలి?

ప్రకృతి వరణం, అంటే పరిసరాలకు సరిపోయినవి నిలిచి తమ సంతానాన్ని పెంచుకోవడం, అబద్ధమని నేను అనడం లేదు. మామూలు రోజుల్లో అది చేసే పని శిలాజాల్లో తరతరాలుగా కనిపిస్తుంది. జమ్మూ వైపు కాలాకోట్‌లో రంగారావు అనే జియాలజిస్టు సేకరించిన రాళ్లు ఆయన పోయాక ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉండిపోయాయి. వాటిలోని ఒక పుర్రెను శుభ్రం చేస్తుండగా చెవి దగ్గరి ఎముక విరిగింది. చూస్తే లోపలి గోడ మందంగా ఉంది, తిమింగలాలకు ఉన్నట్టు. 2007లో థ్యూవిసన్ బృందం దాన్ని ప్రకటించింది. ఇండోహ్యూస్, జింకలాంటి చిన్న జంతువు, నీళ్లలో దిగి తిరిగేది. తిమింగలాలకు దగ్గరి చుట్టం. అడుగు అడుగుగా కాలు తెడ్డుగా మారిన కథకు ముందుమాట అది. అలాంటి మార్పు నిజం, అద్భుతం. కానీ అది జరగాలంటే కాలం కావాలి, మార్పు మెల్లగా రావాలి. ఆకాశం నుంచి ఒక్క మధ్యాహ్నం ఊడిపడేదానికి ఏ వరణమూ ఎవర్నీ సిద్ధం చేయదు.

"సర్వైవల్ ఆఫ్ ద ఫిట్టెస్ట్" అన్న మాట కూడా డార్విన్ పుట్టించింది కాదు. 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ వాడాడు, డార్విన్ 1869లో తన పుస్తకం అయిదో కూర్పులో తీసుకున్నాడు. అక్కడ ఫిట్ అంటే బలమూ కాదు, తెలివీ కాదు. చెప్పు కాలికి సరిపోయినట్టు సరిపోవడం. కాలు మారితే అదే చెప్పు కరుస్తుంది.

ఆ రోజు మీటింగు అయ్యాక నేను ఆ సార్‌ని కలిశాను. ఇదంతా కాదు, రెండు ముక్కలు చెప్పాను. ఆయన మర్యాదగానే విన్నాడు. "సార్, ఇది మోటివేషన్. సైన్స్ క్లాస్ కాదు కదా. పిల్లలకు కొంచెం భయం ఉండాలి" అన్నాడు. చెడ్డవాడని నేను అనుకోను. ఆ పిల్లలు బాగుపడాలనే ఆయన కోరిక. కానీ ఆయన "సైన్స్ చెప్పింది" అన్నాడు. మార్కులు రాని పిల్లవాడికి సార్ తిట్టాడు అనిపిస్తే ఒక రకం. ప్రకృతే నిన్ను ఏరిపారేసింది, అది సృష్టి నియమం అని అనిపిస్తే ఇంకో రకం. ఏటా ఇంటర్ ఫలితాల మరుసటి రోజు పేపర్లో వచ్చే వార్తలు మనందరం చదువుతూనే ఉన్నాం. ఆ పిల్లల్లో ఎవరి చెవిలోనూ ఇలాంటి అబద్ధం సైన్స్ పేరుతో పడకూడదు.

ఇంకో బాధ కూడా ఉంది. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలో "అనువంశికత, పరిణామం" అనే పాఠంలోంచి పరిణామాన్ని తీసేసి, అనువంశికత ఒక్కటే ఉంచింది. మా అమ్మాయి చదివింది ఆ పుస్తకమే. పన్నెండో తరగతి బయాలజీలో పరిణామం ఉంది, నిజమే. కానీ మా అమ్మాయి ఎంపీసీ తీసుకుంది. అంటే తన చదువు మొత్తం మీద జీవపరిణామం గురించి ఒక పెద్దమనిషి నోటి నుంచి తనకు చెప్పింది ఏసీ హాల్లో ఆ ఒక్క స్లైడే అయి ఉండేది. ఆ హాల్లో నాలుగైదు వందల మంది పిల్లలున్నారు. వాళ్లందర్నీ నస్కల్ తీసుకెళ్లలేను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మొన్న దసరాకి బాపు మా ఇంటికి వచ్చాడు. రెండు మెట్లెక్కితే ఆయాసం, అయినా నా టేబుల్ దాకా నడిచి వచ్చి ఆ రాయిని చేతిలోకి తీసుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే లైటు కింద వాల్చి చూశాడు. మా అమ్మాయి అప్పటికే దానికి ఒక చీటీ రాసి పెట్టింది. గ్లాసోప్టెరిస్, బెల్లంపల్లి, పర్మియన్ యుగం. తాతకి చదివి వినిపించింది. ఎక్కడ దొరికిందో రాయని శిలాజానికి విలువ లేదని నేనే దానికి చెప్పాను.

బాపు ఒక్క నిమిషం ఆలోచించాడు. "బెల్లంపల్లి అంటే ఎట్ల తెలుస్తది బిడ్డా, బెల్లంపల్లి శానా పెద్దది" అని బాయి పేరు చెప్పాడు, ఏ సీమో, అంటే ఏ బొగ్గుపొరో చెప్పాడు, ఆ కప్పు నేల నుంచి ఎంత ఎత్తున ఉండేదో చేత్తో చూపించాడు. ఆ ఎత్తు ఎంతో కొలవడానికి మా అమ్మాయి టేపు తేవడానికి లోపలికి పరిగెత్తింది. ఆయన చెయ్యి దించకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.